పిల్లల పందెపుకారు – పెద్దల చేయి

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. సంస్కృతము చదివి, పాఠశాలలో పెక్కేండ్లు పిల్లలచేత శబ్దములును ధాతువులును వల్లె వేయించిన మాబోటివారు విద్యను గూర్చి మాటలాడ లేచినచో, శ్రోతలు శాస్త్రప్రసంగమునో ధర్మబోధనో యెదురుచూచుట సహజము. కాని మేము నేడు చెప్పనెంచినది జేనెడు పొడవుగల చిన్నకారును గూర్చి. దేశదేశముల పాఠశాలల పిల్లలు జట్లుగా జేరి యట్టి కార్లను తామే రూపించి, తామే కూర్చి, పందెములు నడపుచున్నారు. ఆ యాటయందు విద్య యెట్లిమిడియున్నదో, దానినుండి మన పోషకులు గ్రహింపదగిన దేమున్నదో మనవిచేయుటయే మా యుద్దేశము.

మన సంఘము ఏటేట పరీక్షలలో నెక్కువ మార్కులు తెచ్చుకొన్న విద్యార్థులకు పతకము లిచ్చుచున్నది. బీదవిద్యార్థులకు వేతనము లొసగుచున్నది. పోషకుల యౌదార్యముచేత నెందఱో చదువుకొని పైకి వచ్చిరి. ఇది మన మందఱము సంతసింపదగిన విషయము. ఐనను పతకముల పట్టికను చూచినప్పుడెల్ల మాకొక వెలితి తోచుచుండును. వ్రాతపరీక్షకు దక్క మఱియొక నైపుణ్యమునకు అందు చోటు లేదు. చదివి చెప్పగల పిల్లవానిని మనము గుర్తింపగలుగుచున్నాము. చేసి చూపగల పిల్లవానిని గుర్తించు కన్ను మనకింకను రాలేదు. మన యిండ్లలో పుస్తకమునకు పీట వేయుదుము. పనిముట్టును పెరటిలోనికి త్రోయుదుము.

2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదున హుస్సేన్ సాగరతీరమున ఫార్ములా ఈ యను కార్ల పందెము జరిగినది. అవి విద్యుచ్ఛక్తితో నడచునవి. ఆ వేడుకను చూచినవారు మన సభలోను కొందఱుందురు. అట్టి పందెమును చూచివచ్చిన పిల్లవాడు “కారుకు ముందట ఆ రెక్క యెందుకు? అది యెగురదు గదా!” యని యడిగినచో, మనలో నెందఱము తడబడక సమాధానము చెప్పగలము? చూచినంతమాత్రమున నీ ప్రశ్నకు జవాబు దొరకదు. ఒక చిన్నకారును తన చేతులతో చేసి, అది పరుగులో మీదికి లేచుటను కన్నులార చూచిన పిల్లవాడు మాత్రము, ఆ రెక్క ఎగురుటకు గాక నేలకదుముటకే యున్నదని తానే చెప్పగలడు. పాఠశాలల చిన్నకార్ల పందెముల వెనుకనున్న తలంపు ఇదియే.

వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఇంగ్లండున 1999 ప్రాంతమున బయలుదేరినది. యార్క్‌షైర్ సీమలోని బ్రిగ్‌హౌస్ పట్టణమున డెన్‌ఫర్డ్ అను సంస్థ పాఠశాలల కుపయోగించు చెక్కుడుయంత్రములను తయారుచేయుచుండెను. ఆ సంస్థకు చెందిన ఆండ్రూ డెన్‌ఫర్డ్ అను నాతడు ఈ పోటీని స్థాపించెను. యంత్రశాస్త్ర మనిన పిల్లలకు జంకు, పందెపుకారనిన ముచ్చట. ఆ ముచ్చటనే పాఠమునకు త్రోవ చేయుట యిందలి యుపాయము. దీనికి మొదట ‘ఎఫ్ వన్ ఇన్ స్కూల్స్’ అని పేరు. 2005లో ప్రపంచస్థాయి తుదిపోటీలు మొదలైనవి. 2025లో దీని పేరు ‘స్టెమ్ రేసింగ్’ అని మాఱినది. మన భారతదేశముతో కూడ ననేకదేశముల విద్యార్థు లిందు పాల్గొనుచు వచ్చిరి.

పోటీ యేర్పాటు వినుడు. ముగ్గురు మొదలుకొని యాఱుగురు వఱకు విద్యార్థు లొక జట్టు. వారికి జేనెడు పొడవుగల దిమ్మె యొకటి యుండును. తొలుత బాల్సా యను మిక్కిలి తేలికయగు కఱ్ఱను వాడిరి. పిమ్మట అందఱకు నొక్కతీరుగా నుండునట్లు కృత్రిమపదార్థముతో చేసిన దిమ్మెలు వచ్చినవి. పిల్లలు కంప్యూటరు తెఱపై కారు రూపమును గీయుదురు. దానిపై గాలి యెట్లు పాఱునో ఆ తెఱమీదనే పరీక్షించి, రూపమును దిద్దుదురు. పిదప కంప్యూటరు నిర్దేశించిన చొప్పున నడచు సి.ఎన్.సి. యంత్రము ఆ దిమ్మెను చెక్కును. గరుకుకాగితముతో రుద్ది, రంగువేసి, ఇరుసులు, చక్రములు, ముందువెనుకల రెక్కలు కూర్తురు. కారు బరువు ఇంతకు తగ్గరాదని నియమము. ఇటీవలి యేండ్లలో నా యవధి సుమారు 50 గ్రాములు. అనగా నొక నిమ్మపండు బరువు.

దీనిని నడపునది పెట్రోలు గాదు, విద్యుత్తు గాదు. కారు వెనుకభాగమున బొటనవ్రేలంత యుక్కుగొట్ట మొకటి యమర్పబడును. ఇండ్లలో సోడా చేయు సీసాలకు వాడునట్టిదే అది. అందు 8 గ్రాముల బొగ్గుపులుసుగాలి అదిమి నింపబడియుండును. 20 డిగ్రీల వేడిమియందు దానిలోని యొత్తిడి మన చుట్టునున్న గాలి యొత్తిడికి 50 రెట్లు మించును. బయలుదేరు చోట నొక సూది ఆ గొట్టమునకు రంధ్రము పొడుచును. లోని వాయువు వెనుకకు చిమ్ముకొని పోవును. దాని ప్రతిక్రియచేత కారు ముందునకు దూకును. న్యూటను చెప్పిన మూడవ గతిసూత్రమును మన పిల్లలు పదిమాఱులు వల్లెవేసి, పరీక్షలో వ్రాసి, మఱునాడు మఱతురు. ఈ కారు నొక్కమాఱు వదలిన పిల్లవాడు దానిని మఱువడు.

పందెపుబాట పొడవు 20 మీటర్లు. కారు ప్రక్కకు పోకుండ బాట పొడవునను బిగించిన సన్ననిత్రాడు కారు అడుగుననున్న చిన్నకొక్కెములగుండ పోవును. మంచి జట్టు చేసిన కారు ఆ దూరమును సుమారొక సెకనులో దాటును. సెకనుకు 20 మీటర్లనగా గంటకు 72 కిలోమీటర్లు. నిమ్మపండు బరువుగల వస్తువు మన రహదారిపైని బస్సుతో సమానమగు సగటువేగమున పోవుచున్నదన్నమాట! గెలుపోటములను సెకనులో వేయవ వంతుతో లెక్కింతురు. బయలుదేరుటకు దీపముల సంజ్ఞ కలదు. కొన్ని పందెములలో ఆ సంజ్ఞను చూచి విద్యార్థియే మీట నొక్కవలయును. కన్ను చూచి చేయి కదలుటకు మనుష్యునకు సామాన్యముగా సెకనులో అయిదవ వంతు పట్టును. మాసములతరబడి చక్రము నునుపుచేసి సంపాదించిన లాభమంతయు రెప్పపాటులో పోవచ్చును. ఏకాగ్రతను గూర్చి తరగతిలో మేము చేయు ప్రసంగములకంటె ఆ మీట మంచి గురువు.

ఈ చిన్నవస్తువునందు పిల్లలు నేర్చుకొను విషయములు తక్కువవి కావు. వేగము రెండింతలైనచో గాలి యడ్డు నాలుగింత లగునని వారికి దెలియును. దొరలు చక్రమునందలి బరువును గూర్చి మఱియొక వింత కలదు. చక్రపు టంచున నున్న యొక గ్రాము ముందునకు సాగుటయే గాక గుండ్రముగ తిరుగవలయును. కావున కారు దేహముననున్న గ్రాముకంటె అది రమారమి రెండింతల శక్తిని త్రాగును. ఈ రహస్య మెఱిగిన జట్టు చక్రమునుండి బరువు తీసి దేహమున కిచ్చును; మొత్తము బరువు మాఱదు, పరుగు మాఱును. మన బండ్లు చేయు వడ్రంగికి ఇరుసు, శీల, ఆకు, పూటీ వీని మర్మము తరతరములనుండి తెలియును. ఇరుసునకు కందెన పూయక బండి కట్టిన రైతు లేడు. కందెన యేల కావలయునో పుస్తకములో చదివిన మన పిల్లవాడు మాత్రము ఇరుసును తాకి యెఱుగడు. చేతికి తెలిసినది నోటికి రాక, నోటికి వచ్చినది చేతికి తెలియక రెండు విద్యలును వేఱువేఱుగా నిలిచిపోయినవి. ఈ పందెము వానిని కలుపుచున్నది.

కారు త్వరగా పోయినంతమాత్రమున జట్టు గెలువదు. తాము చేసిన పనినంతయు చిత్రములతో, లెక్కలతో గ్రంథరూపమున చూపవలయును. నిర్ణేతల యెదుట నిలిచి మాటలాడవలయును. మొదటి రూపమేది, దానినేల మార్చితిరి, ఏ పరీక్షలో నేమి తేలినది అని వారడుగుదురు. కారు చేతిపనికి, వ్రాతకు, మాటకు, జట్టు నడపిన తీరునకు వేఱువేఱుగా మార్కులు కలవు. కాబట్టి జట్టులో నొకడు రూపకర్త, ఒకడు తయారీ చూచువాడు, ఒకడు బొమ్మలు గీయువాడు, ఒకడు ధనమును సామగ్రిని సమకూర్చువాడు, వీరి నందఱను నడపువా డొకడు. లెక్కలలో వెనుకబడిన పిల్లకు గీతలో చోటుండును. సభాకంపముగల పిల్లవానికి గరుకుకాగితముతో పని యుండును. అందఱకు నొకే ప్రశ్నపత్రము నిచ్చి వరుస నిలువబెట్టు పరీక్షలో నిది యెన్నడును జరుగదు.

ఇది యంతయు పరదేశపు కొత్తవింత యని మనలో పెద్దలు తలంపవచ్చును. ఋగ్వేదమున ఋభువులను ముగ్గురు సోదరులు స్తుతింపబడియున్నారు. ఋభువు, విభ్వుడు, వాజుడు నని వారి పేరులు. వారు సుధన్వుని కుమారులు. అశ్వినీదేవతలకు రథమును నిర్మించిరి. త్వష్ట చేసిన యొక్క పాత్రను నాలుగు పాత్రలుగ చేసిరి. పుట్టుకచేత మర్త్యులయ్యును పనితనముచేతనే యమృతత్వమును పొందిరి. పూర్వమీమాంసయం దాఱవ యధ్యాయమున రథకారుని యాధానాధికారమును విచారించు అధికరణమే యొకటి కలదు. ముగ్గురు కలిసి రథము చేసి దేవతలైన కథ మన కుండగా, ముగ్గురు పిల్లలు కలిసి కారు చేయుట మనకు పరాయిపని యెట్లగును? వేదము చదివినవారమని చెప్పుకొనుచు ఉలి పట్టినవానికి పీట వేయకుండుట మాత్రము వింతయే. మన పల్లెలలోను తాటిముంజలు తిన్న పిమ్మట ఆ కాయలనే చక్రములుగా చేసి, నడుమ పుల్ల గ్రుచ్చి, పంగలకఱ్ఱతో త్రోయుచు పరుగెత్తని బాలుడుండెనా? ఇరుసు వంకరయైనచో బండి వంకరగా పోవునని వానికా వయస్సుననే తెలియును. పాఠశాల యా తెలివిని గుమ్మము వెలుపల విడిచి రమ్మన్నది.

ఇంతవఱకు గుణములను చెప్పితిమి. ఇక పోషకులు ప్రత్యేకముగా నాలకింపవలసిన భాగము కలదు. ఈ పోటీకి ధనము కావలయును. యంత్రము, దిమ్మెలు, చక్రములు, ప్రయాణము – అన్నియు ఖర్చుతో గూడినవి. వ్యాపారసంస్థల నాశ్రయించి ధనసహాయము కూర్చుకొనుటను గూడ పోటీనియమములు జట్టు చేయవలసిన పనులలో నొకటిగా నెంచినవి. పిల్లలు పెద్దలయెదుట నిలిచి తమ పనిని వివరించి సహాయ మర్థించుట మంచి శిక్షణమే. కాని ధనము వచ్చుచోటునకు దానివెంట నిచ్చినవాని చేయియు వచ్చును. ఇచ్చినవాడు గెలుపును కోరును. గెలుపు కావలయునన్న పిల్లలచేతికంటె ఆరితేరినవాని చేయి మేలు గదా యను నూహ పుట్టును. అక్కడనే విద్య చెడును.

ఇట్లు చెడిన దానికొక ప్రసిద్ధోదాహరణము అమెరికాలో కలదు. అక్కడ ‘సోప్ బాక్స్ డెర్బీ’ యను పందెము 1934లో డేటన్ నగరమున దేశస్థాయిని మొదలై, 1935లో అక్రన్ నగరమునకు మాఱినది. పిల్లలు తామే చేసికొన్న యింజనులేని బండ్లలో కూర్చుండి వాలునేలపై జాఱివచ్చుట యా పందెము. బండి మన చిన్నకారుకంటె పెద్దది. నియమము మాత్ర మొక్కటియే – పిల్లవాడే చేయవలయును. 1973లో 14 ఏండ్ల బాలు డొకడు గెలిచెను. పిమ్మట వాని బండిని శోధింపగా ముక్కుభాగమున విద్యుదయస్కాంతము బయటపడినది. బయలుదేరు చోట బండ్ల నాపు ఇనుపపలక ముందునకు వాలునపుడు అయస్కాంత మా పలకవెంట బండిని లాగును. బాలుడు తలను వెనుకకు ఆనించినచో నా విద్యుత్తు పాఱునట్లు కూర్చబడియుండెను. గెలుపును రద్దు చేసిరి. ఈ యేర్పాటు వెనుక వాని సమీపబంధువగు పెద్దవా డున్నట్లు తేలినది. ఆ పెద్దవాడు ధనికుడే, తెలివిగలవాడే, బాలునిపై ప్రేమగలవాడే. ఆ ప్రేమయే బాలుని దేశమెదుట తలవంపు పాలుచేసినది.

అయస్కాంతము దాచినవా డరుదు. కాని పిల్లవాని పని పెద్దలు చేసిపెట్టుట యరుదా? కొన్నియేండ్ల క్రిందట నొక పాఠశాలలో విజ్ఞానప్రదర్శనమును చూడబోతిమి. ఒక బల్లపై చక్కని కారు నమూనా యుండెను. దుకాణమున చేయించినదని చూడగనే తెలియుచున్నది. అది యెట్లు నడచునని యడిగితిమి. “నాన్నగారికి తెలుసండీ” యని పిల్లవాడు తలవంచుకొనెను. ప్రక్కబల్లపై నొక బాలిక అట్టపెట్టెతో, సీసామూతలతో చేసిన బండి నుంచెను. రబ్బరుపట్టీ బలముచేత అది నాలుగు బారలు పోయి గోడవైపు తిరుగుచుండెను. ఏల తిరుగుచున్నదని యడిగినంతనే ఆ చిన్నది మోకాళ్లపై కూర్చుండి “కుడిచక్రం పుల్లకి పట్టేస్తోందండీ తాతగారూ, అందుకే కుడికి లాగుతోంది. నిన్నటికంటె ఇవాళ నయం. రేపటికి తిన్నగా పోతుంది” అని చక్రమును త్రిప్పి చూపెను. నాడు బహుమతి మొదటిబల్లకు పోయినది. రెండవబల్లకడ నిలిచినవారే లేరు. ఆ చిన్నదాని “రేపటికి” అను మాట మాత్రము మా చెవిలో నిలిచినది. తప్పు నెఱిగి, దాని కారణ మెఱిగి, దిద్దుకొనుటకు రేపటిని కోరుట – విద్య యనగా నింతకంటె వేఱేమి?

కాబట్టి పోషకుల కిది మా మనవి. పిల్లలకు పనిముట్లు కొనియిండు, పని చేసిపెట్టకుడు. చెక్కుటకు దిమ్మె లిండు. ఒకటి పాడైనచో రెండవది, రెండవది పాడైనచో మూడవది యిండు. విఱిగిన దిమ్మెను వ్యర్థవ్యయముగా పద్దులో వ్రాయకుడు. అది పాఠము ఖరీదు. నేర్పువానిని నియమించినచో, వాడు ప్రశ్నించుటకును ప్రమాదము రాకుండ చూచుటకును మాత్రమే బల్లకడ నుండవలయును. ఉలి వాని చేతికి పోరాదు. మీ పేరు కారుపై వ్రాయించుకొనుటకు మాకభ్యంతరము లేదు. ఆ పేరు క్రింద నున్న కారు పిల్లల చేతిదై యుండిన చాలును.

సామగ్రి యున్నంతమాత్రమున కార్యము కాదనియు గమనింపవలయును. కేంద్రప్రభుత్వము 2016లో మొదలిడిన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద దేశమందలి వేలకొలది పాఠశాలలలో అటల్ టింకరింగ్ ల్యాబు లేర్పడినవి. ఎన్నికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వఱకు సహాయము నిర్ణయింపబడినది. ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు చదువు పిల్లలు త్రీడీ ప్రింటరు మున్నగు సాధనములతో స్వయముగా వస్తువులు చేయుటకు అవి యుద్దేశింపబడినవి. వానిని చక్కగా వాడుకొనుచున్న యుపాధ్యాయు లున్నారు. వారికి మా నమస్కారము. మే మెఱిగిన యొక పాఠశాలలో మాత్రము ఆ యంత్రముపై పట్టుబట్ట కప్పి, గదికి తాళము వేసి, అతిథులు వచ్చినప్పుడు తెఱచి చూపుచుండిరి. పిల్లలు పాడుచేయుదురని భయము! పిల్లలు ముట్టని యంత్రము పాడుకాదు. వారి చదువు పాడగును.

ఇక సభలో తలయెత్తదగిన యాక్షేపములు మూడు. పదవతరగతియు, ఇంటరును, ప్రవేశపరీక్షలును మీదనుండగా పిల్లలకీ కాలక్షేప మేలయని మొదటిది. యంత్రవిద్యాకళాశాలలో చేరుటకే మన పిల్లలు రేయింబవళ్లు చదువుచున్నారు. యంత్ర మనిన నేమో యెఱుగక యంత్రవిద్యలో జేరుట, చవి యెఱుగని వంటకమునకు విస్తరి వేసికొని కూర్చుండుటవంటిది. తనకా విద్యయందు నిజముగా రుచి కలదో లేదో యొక చిన్నకారు పదునాల్గవ యేటనే చెప్పును. లేదని తెలిసినను లాభమే. నాలుగేండ్ల కాలమును తండ్రి ధనమును మిగులును.

ఇది ధనికుల వేడుక యని రెండవ యాక్షేపము. ప్రపంచపోటీకి పోవుట ఖర్చుపనియే. కాని విద్య ప్రపంచపోటీలో లేదు, దిమ్మెలో నున్నది. మనకు బాల్సాకఱ్ఱ యక్కఱలేదు. కొండపల్లిబొమ్మలు చేయు తెల్లపొణికికఱ్ఱ చాల తేలిక, మెత్తగా తెగును. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేయు అంకుడుకఱ్ఱను తరిమెనపై పట్టి గుండ్రని చక్రములు తీయవచ్చును. వాయువుగొట్టములు పొడుచుట జాగ్రత్తగా చేయవలసిన పని గనుక మొదట దాని జోలికి పోవలదు. వాలుబల్లయో రబ్బరుపట్టీయో చాలును. పాఠశాల వరండాయే 20 మీటర్ల బాట. వంటింటి త్రాసే తూనిక. చేతిఫోనులోని గడియారమే కాలమానము.

ఆడపిల్లల కిది తగిన పనియా యని మూడవది. పైని చెప్పిన రెండవబల్లయే దీనికి మా సమాధానము. అమెరికా పందెమునకు బాలికలను 1971 వఱకు రానీయలేదు. 1975లో నొక బాలికయే దేశమున కెల్ల ప్రథమస్థానము పొందినది. తలుపు తీయుటయే యాలస్యమని దీనివలన తెలియుచున్నది.

కావున ఈ మహాసభవారు విద్యానిధినుండి కొంతభాగమును ప్రత్యేకించి, వచ్చు వార్షికసభనాటికి పిల్లల చిన్నకార్ల పందెము నొకదానిని నెలకొల్పవలయునని మేము ప్రతిపాదించుచున్నాము. దానికి నియమము లైదు చాలును. జట్టునకు నలుగురు పిల్లలు, అందొక్కరైనను బాలిక. నలుగురును ఒకే బడివారు కారాదు. ప్రభుత్వపాఠశాల పిల్లలొకరైన నుండితీరవలయును. జట్టులో మన సంఘమువారి పిల్లలే యుండవలయునను నిర్బంధము వలదు. వీథిలో కలిసి యాడుకొను పిల్లలు బల్లకడ విడిపోవుట తగదు. చెడిపోయిన నమూనాలనన్నిటిని పారవేయక, తుదికారు ప్రక్కన వరుసగా నుంచవలయును. కారును గూర్చి యడిగిన ప్రశ్నలకు పిల్లలే బదులు చెప్పవలయును. తల్లిదండ్రులు దూరముగా కూర్చుండవలయును. నిర్ణేతలలో నొకరు కళాశాలలో యంత్రశాస్త్రము చెప్పువారైనచో, రెండవవాడు మన యూరి వడ్రంగి కావలయును. ఆయనను వేదికపైననే కూర్చుండబెట్టి, పండితునకు కప్పు శాలువనే కప్పవలయును. ఇరుసు వంకరను కంటిచూపుతో పట్టగలవాడు ఆయనయే గదా!

బహుమతి యెవ్వరి కీయవలయునను విషయమున మా యభిప్రాయ మొకటి చెప్పి విరమింతుము. అన్నిటికంటె త్వరగా పోయిన కారునకు పతక మిండు, అది న్యాయమే. దానితో సమానమగు పతకమును, మొదటి నమూనాకును తుదినమూనాకును నడుమ నెక్కువ దూరము నడచిన జట్టునకు గూడ నిండు. మన సంచికలో గెలిచినవారి ఛాయాచిత్రముతోపాటు వారు విఱుగగొట్టిన నమూనాల చిత్రమును గూడ ముద్రింపుడు. దానిని చూచి వచ్చు సంవత్సరము మఱికొందఱు పిల్లలు భయముమాని ఉలి పట్టుదురు.

 ఈ ప్రతిపాదనమును తీర్మానరూపమున సభ యెదుట నుంచుటకు కార్యదర్శిగారి యనుమతిని కోరుచున్నాము.